నలభై జతల చేతులు

చూపుకు 31 రోజులు

ఎండ యాభై మూడు. నీళ్ళు మనిషికి ఆరు చెంబులు. ఆడిన మగ్గాలు నలభైకి నలభై.

బడి నన్ను అడిగేది ఈ మూడే. మిగతా పేజీ నాది. ఇందులో అబద్ధం రాస్తే నా వేళ్ళకు పోగు అంటకుండా పోవుగాక.

నా పేరు బుచ్చిలింగం. మూడో మిట్ట డిజైన్ బడిలో మగ్గాలకు పడుగులు అతికేటప్పుడు పోగులు అందించడం నా ఉద్యోగం. పైసభ వాళ్ళు వచ్చి మా నేత చూసి, ఏడాది పత్తి మాకు ఇచ్చేదీ లేనిదీ తేల్చే రోజునే మేము చూపు అంటాం. పొద్దున్నే పిల్లలకు వాక్యం చెప్పడం ఉద్యోగం కాదు, ఎవరూ చెప్పమనలేదు, ఎవరు ఆపమన్నా ఆపను. ముప్ఫై ఏళ్ళు వచ్చాక, గంజి కాగే పొయ్యి ముందు కూర్చుని, పోగుల గ్రంథం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం తడుముకుంటూ చదువు నేర్చుకున్నవాణ్ణి. ఎండలు ముదిరి పల్లమంతా మాడిపోయినప్పుడు మగ్గాలు భుజాన మోసుకుని ఈ మిట్టలెక్కిన పెద్దలు రాసిపెట్టిన గ్రంథం అది. "ఎండకు జడిసి పరుగెత్తినవాడు నీడను నేయలేడు." మొదటి పడుగు, మొదటి వాక్యం. ఇవాళ అదే చెప్పాను.

"పెద్దయ్యా, రేపటి వాక్యం జర పొట్టిగ చెప్పు. నువ్వు ఆపేసరికి మా గంజి మీద మీగడ కట్టింది," అన్నాడు రాజమల్లు. నలభై మందిలో నోరున్నవాడు వాడే.

"నీ నోటికే గంజి పట్టిస్తే బిగుసుకుంటదేమో చూడాలె."

పిల్లలు నవ్వారు. తరువాత చేతొడుగులు తొడుక్కుని మగ్గాల ముందు కూర్చున్నారు. నవ్వు ఆగిపోయింది. ఒకరి తరువాత ఒకరుగా కాదు, నలభై మందీ ఒక్కసారే కళ్ళు మూసుకున్నారు.

హేమనళిని మేడంకి అది ఏకాగ్రతలాగా కనిపిస్తుంది. ఆమె ఈ బడికి పెద్ద, మంచి మనిషి. నాకు మాత్రం అది ఏమిటో తెలుసు. మగ్గాలు నలభై ఆడుతున్నాయంటే నలభై మంది నేతగాళ్ళు ఉన్నారని కాదు. నేతగత్తె ఒక్కతే. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమె నా భార్య భూదేవమ్మ.

నూలు కట్టలకు రబ్బరు పట్టీలతో చిటికి ముడులు కట్టి, రంగు ముంచి నేసే విద్య మిట్టలన్నిటిలో ఆఖరికి ఆమె ఒక్కదాని వేళ్ళలోనే మిగిలింది. ఆఖరి ఏడు నెలలు ఆ వేళ్ళకు సన్నని వల తొడిగి, కదిలిన ప్రతి కదలికనూ యంత్రంలోకి ఎక్కించారు. అక్కడి నుంచి నలభై జతల బూడిదరంగు తొడుగుల్లోకి దించారు. తొడుక్కున్న పిల్లల వేళ్ళు వాటంతటవే ముడి వేస్తాయి, వాటంతటవే పడుగు మధ్య నాడె విసురుతాయి. ఆ ఏడు నెలలూ భూదేవమ్మకు చూపు లేదు. "తెరిచినా మూసినా ఒక్కటే అయినంక మూసుకుంటేనే పాణానికి హాయి," అనేది. అలాగే నేసింది.

ఇప్పుడు కళ్ళున్న పిల్లలు నలభై మంది అలాగే నేస్తున్నారు.

చూపుకు 27 రోజులు

ఎండ యాభై రెండు. నీళ్ళు ఆరు. మగ్గాలు నలభై.

ఈ బడిలో ఒక కట్టుబాటు ఉంది. నువ్వు కట్టని ముడిని కాగితం మీద గీయగూడదు. అంగీ గీయాలంటే ముందు దాని గుడ్డ నువ్వే కట్టి, ముంచి, నేసి ఉండాలి. ఆ తరువాతే కత్తెర, ఆ తరువాతే కుట్టు. డిజైను అంటే కాగితం మీద పుట్టి నేతగాడి నెత్తిన పడేది కాదని, మగ్గం గుంటలో పుట్టి పైకి రావాలని బడి కట్టినవాళ్ళ పట్టుదల. మంచి కట్టుబాటు. దాని వల్లనే బడి ఖాళీ అయ్యింది కూడా. చిటికి కట్టడం రావడానికి ఆరేళ్ళు పడుతుంది. ఆరేళ్ళు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే పిల్లలు ఏరీ? ఒంటి మీద పోసుకుని, సాయంత్రానికి కరిగించి పారబోసే పోతబట్ట ఉండగా?

అందుకే తొడుగులు. ఆరేళ్ళ పని పది రోజుల్లో. పోయిన ఏడాది ఏడుగురున్న బడిలో ఈ ఏడాది నలభై మంది.

ఇవాళ గంజి దగ్గర రాజమల్లు పక్కన కూర్చున్నాను. వాడు జొన్నరొట్టె ఎడమచేత్తో తుంచుతున్నాడు.

"కుడిచెయ్యికి ఏమైందిర?"

వాడు తన చేతిని తానే చూసుకున్నాడు. "ఏం కాలే పెద్దయ్యా. ఇదే ముందుగాల పోతంది." రొట్టె కుడిచేతికి మార్చుకుని నవ్వాడు. "ఒక్క రొట్టెకు రెండు చేతుల మధ్య తగువు."

తల ఎత్తి చూశాను. అరుగు పొడవునా కూర్చున్న అందరూ ఎడమచేత్తోనే తింటున్నారు. తొడుగులు కొక్కేలకు వేలాడుతున్నాయి.

భూదేవమ్మది ఎడమచేతి వాటం.

చూపుకు 22 రోజులు

ఎండ యాభై నాలుగు. నీళ్ళు ఐదు. మగ్గాలు నలభై.

శాంభవి గురించి రాయాలి. ఏడో మిట్ట నుంచి వచ్చిన పిల్ల, పదిహేడేళ్ళు. వాళ్ళమ్మ నీళ్ళ కావడి మోస్తుంది. ఈ పిల్ల వచ్చిన రోజే నా కళ్ళ ముందు బొగ్గుముక్కతో గోడ మీద ఒక అంగీ గీసింది. కావడి బద్ద ఆనే భుజం దగ్గర పేక రెండింతలు దట్టం, వీపున గాలి ఆడేటంత పలచన, చెమట పట్టే చోట ముదురు రంగు ముంపు. "మా అమ్మ భుజం మీద పుండు ఆరదు పెద్దయ్యా. పోతబట్ట ఆ పుండుకు అతుక్కుంటది. గందుకే నేనీడికి వచ్చిన," అంది. అలాంటి గీత నేను చూడలేదు. గట్టిగా, వంకర లేకుండా, గీసే మనిషికి ఏం కావాలో తెలిసిన గీత.

ఇవాళ పగటి నిద్రకు గంట కొట్టాక నా దగ్గరకు వచ్చింది. చేతిలో కాగితం ఉంది.

"పెద్దయ్యా, అమ్మకు ఉత్తరం రాస్తున్న."

"రాయి బిడ్డా."

"రాస్తలేదు."

"ఏం?"

"నేను కాదు. చెయ్యి రాస్తలేదు."

ఏడో మిట్టకు మాట మోసే తీగ లేదు. నెలకోసారి కావడివాళ్ళ చేత పంపే ఉత్తరమే. ఆ పిల్ల చూపించిన కాగితం మీద అక్షరం ఒక్కటి లేదు. మూడు చుక్కలు, ఒక గీత. మళ్ళీ మూడు చుక్కలు, ఒక గీత. కాగితం నిండా అంతే.

అవి, తాను కట్టిన ముడుల లెక్క గుర్తుపెట్టుకోవడానికి భూదేవమ్మ గోడ మీద గోరుతో గీకే గుర్తులు. ఆమెకు అక్షరం రాదు. నేను చదువు నేర్చుకున్న ఏడాది ఆమెకూ నేర్పబోయాను. "అక్షరాలు నీకు, ముడులు నాకు. ఇద్దరికీ రెండూ ఉంటే కొట్లాటకు ఏం మిగులుతది?" అంది.

"అంగీ గీసి చూసినవా?"

"గీసిన." తల వంచుకుంది. "గదే వస్తంది."

చూపుకు 18 రోజులు

ఎండ యాభై మూడు. నీళ్ళు ఐదు. మగ్గాలు నలభై.

పొద్దున వాక్యం చెప్పలేదు. నలభై మందికీ తలా ఒక కాగితం ఇచ్చి, "ఎవరి పేరు వాళ్ళు రాయండి" అన్నాను.

"గిది పరీక్షనా? పేరు కూడ తప్పు రాస్తే ఫెయిలు చేస్తవా పెద్దయ్యా?" అన్నాడు రాజమల్లు. అని వంగి రాయబోయాడు. రాసింది చూసుకుని కాగితాన్ని బోర్లించాడు.

నలభై కాగితాలు తెచ్చి హేమనళిని మేడం బల్ల మీద పరిచాను. మూడు చుక్కలు, గీత. కొందరివి వణికాయి. కొందరు పేరులో మొదటి అక్షరం సగం దాకా లాగి, అక్కడి నుంచి చుక్కల్లోకి జారిపోయారు. శాంభవి కాగితం మీద వణుకు కూడా లేదు. ఆ చుక్కలు భూదేవమ్మ గోడ మీద నుంచి ఒలిచి తెచ్చినట్టున్నాయి.

మేడం ఒక్కో కాగితం తీసి చూసింది. ఆమె చేతులు బల్ల కిందకు వెళ్ళాయి.

"అలసట అయ్యుంటుంది," అంది.

"అలసటకు ఒకే దస్తూరి ఉంటదా మేడం?"

"పది రోజులు తొడుగులు తీసేస్తే సర్దుకుంటుంది."

"తీసెయ్యండి మరి."

"చూపుకు పద్దెనిమిది రోజులుంది, బుచ్చిలింగంగారూ. నలభై బట్టలు సగంలో ఉన్నాయి. ఇప్పుడు తొడుగులు తీస్తే ఒక్క పిల్లకూ చిటికి కట్టడం రాదు. పత్తి మొత్తం పోతబట్ట తొట్లకు పోతుంది. మీ భూదేవమ్మ విద్య ఇక్కడితో ఆగిపోతుంది. అది మీకు సమ్మతమేనా?"

శాంభవి కాగితాన్ని ఆమె ముందుకు జరిపాను. శాంభవికి ఒక్కదానికి తొడుగులు మాన్పిస్తానని మేడం మాట ఇచ్చింది. అంతటితో బయటికి వచ్చాను.

చూపుకు 15 రోజులు

ఎండ యాభై ఐదు. నీళ్ళు ఐదు. మగ్గాలు ముప్ఫై తొమ్మిది.

పగటి నిద్ర వేళ ఈ మిట్ట మీద పిట్ట కూడా కదలదు. రేకు తలుపులు దించి, తడి గోనెలు కట్టి అందరూ పడుకుంటారు. నాకు నిద్ర రాక నీళ్ళ కుండ దగ్గరకు పోతూ పిల్లల పడక గదిలోకి తొంగి చూశాను.

నలభై చాపలు. నలభై మంది వెల్లకిలా పడుకుని ఉన్నారు. గురక పెడుతున్నారు, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, అందరూ గాఢనిద్రలోనే. చేతులు మాత్రం మేలుకుని ఉన్నాయి. ప్రతి చాప మీదా రెండు చేతులు రొమ్ము మీదకు లేచి, లేని పోగుల కట్టను ఎడమచేత పట్టి, లేని రబ్బరు పట్టీని మూడు చుట్లు చుట్టి, బిగించి, తెంపుతున్నాయి. ఎనభై చేతులు ఒక్క లయలో. తెంపినప్పుడు గోళ్ళు టిక్కుమంటాయి. ఒకే టిక్కు.

శాంభవి చాప గోడవారగా ఉంది. మూడు రోజులుగా తొడుగులు ముట్టని పిల్ల. ఆ పిల్ల చేతులు అందరికంటే ముందు కదులుతున్నాయి. మిగతావి దాని వెనక వస్తున్నాయి.

గ్రంథం ఛాతీకి అదుముకుని అక్కడే నిలబడ్డాను. ఏ వాక్యమూ గుర్తుకు రాలేదు. సిగ్గు విడిచి ఇంకొకటి కూడా రాస్తున్నాను. నాకు భయమేసింది. భయంతోపాటు, ఏడాది తరువాత ఆ టిక్కు వినిపించినందుకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. అది విందామని ఇంకాసేపు నిలబడ్డాను. పిల్లలను లేపవలసినవాణ్ణి, లేపలేదు.

చూపుకు 12 రోజులు

ఎండ యాభై నాలుగు. నీళ్ళు నాలుగు. మగ్గాలు నలభై.

నలభై అని రాయగానే నాకే అనుమానం వచ్చింది. వెళ్ళి చూస్తే శాంభవి తొడుగులు తొడుక్కుని మగ్గం మీద ఉంది.

"ఎవరు వేసుకొమ్మన్నరు?"

కళ్ళు తెరవలేదు. "ఎవ్వరు అనలే. నేనే."

"నీ చెయ్యి నీకు వద్దా?"

"నా చెయ్యి యాడుంది పెద్దయ్యా?" నాడె ఆగలేదు. "ఆరు రోజులు చూసిన. గీస్తందేమో అని బొగ్గు పట్టుకుని కూసున్న. గీయలే. రొట్టె తింటానికి కూడ అది నన్ను అడుగుతలేదు. తొడుగు లేకుంటే ఏ చెయ్యి లేదు. తొడుగుంటే ఎవరిదో ఒక చెయ్యి ఉంటది."

బోధించే వాడినైన నేను ఆ పిల్ల ముందు తల దించుకున్నాను. ఎందుకంటే ఈ పాపానికి మొదటి ముడి వేసింది నేను.

రెండేళ్ళ కింద తొడుగుల మాట వచ్చినప్పుడు భూదేవమ్మ ఒప్పుకోలేదు. "నేర్చుకునేటోళ్ళు వస్తే ఎదురుగ కూసోబెట్టుకుంట. చేతులు మాత్రం ఇయ్య," అంది. ఆ వారం నేను సంతలో వాక్యం చెప్పాను. గొంతు పగిలేలా చెప్పాను. "మీ విద్యను మట్టికి అప్పగించిన దినాన మట్టి మీకు నీడ ఇయ్యదు." మూడో పడుగు, పదో వాక్యం. జనం ఏడ్చారు. భూదేవమ్మ జనం మధ్యలో కూర్చుని విన్నది. ఇంటికి వచ్చి, "నీ దేవుడి మాటకు అడ్డం చెప్పలేను. తీస్కపొమ్మను," అని రెండు చేతులూ చాపింది.

పదకొండో వాక్యం నేను ఆ రోజు చదవలేదు. పేజీ తిప్పేశాను. పది తరువాత పన్నెండు చదివాను. ఎవరికీ తెలియదు, వాళ్ళలో చదవడం వచ్చినవాడు నేనొక్కడినే.

పదకొండో వాక్యం ఇది. "ఎదురుగా కూర్చున్నవాడు గురువు. వెనుక నిలిచి చేయి పట్టినవాడు యజమాని."

మా నేతవాళ్ళలో దీన్ని ఎవరూ దాటరు. పడుగు అతికేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. పాత పడుగు కొసలు మగ్గానికే ఉంటాయి. కొత్త పడుగులో పోగు ఏరి ఒకరు అందిస్తే, రెండోవారు బూడిద అద్దిన వేళ్ళతో పాత కొసకు దాన్ని మెలిపెడతారు. నేర్పేవాళ్ళు అందించే వైపే కూర్చుంటారు. నేర్చుకునేవాళ్ళు ఎంత తప్పు చేసినా, ఎన్ని పోగులు తెగినా, చేయి దాటించి ముట్టుకోరు. నోటితో తిట్టుకోవచ్చు, ఎంతైనా తిట్టుకోవచ్చు. ముట్టుకోరాదు. తప్పు చేసే చేయికే విద్య దక్కుతుందని మా నమ్మకం. పిల్లల చేతుల్లోకి గురువు చేతిని దూర్చిన రోజున మేము ఆ కట్టడిని దాటాం. దాటించినవాణ్ణి నేను.

చూపు రోజు

ఎండ యాభై నాలుగు. నీళ్ళు నాలుగు. మగ్గాలు నలభై.

పైసభ నుంచి ముగ్గురు పరిశీలకులు వచ్చారు. ఎండను కాచే అంగీలు నలభై తాడు మీద వరసగా వేలాడుతున్నాయి. ఒక్కదాని మీద చుక్క చెదరలేదు, ఒక్క అంచు వంకర పోలేదు. ఇన్నేళ్ళలో అంత శుభ్రమైన పని నేను చూడలేదు. నలభై మంది పిల్లలు, నలభై అంగీలు, కానీ అన్నిటి మీదా ఒకే పువ్వు, ఒకే గళ్ళ వరస, మెడ దగ్గర ఒకే మలుపు. కావడి భుజం ఒక్కదానికీ లేదు.

పెద్ద పరిశీలకురాలు గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసి, "అద్భుతం," అంది.

అప్పుడు నేను లేచాను. హేమనళిని మేడం తల ఊపి వద్దంటున్నా ఆగలేదు. "అమ్మా, బట్టలు చూసిన్రు. ఇప్పుడు వీటిని చేసిన చేతులను చూడుండ్రి. ఈ పిల్లలను వాళ్ళ పేర్లు రాయమనుండ్రి. అక్షరానికి ఒక అంగీ ఇస్తం," అన్నాను. ఇంకా చాలా అన్నాను. చేతులు దోచుకున్న నేతకు చీడ పడుతుందన్నాను, పిల్లల వేళ్ళ లోపల శవాన్ని నాటామన్నాను, పదకొండో వాక్యం రెండుసార్లు చదివాను. వెనక పిల్లల్లో ఎవరో ఏడుస్తున్నారు.

పరిశీలకురాలు నా మాట అడ్డుకోలేదు. మర్యాదగానే విన్నది. కాగితాలు తెప్పించి రాయించింది. చుక్కలు, గీత. నలభైకి నలభై.

ఆ కాగితాలను కొలబద్ద పెట్టి ఒకదానితో ఒకటి పోల్చి చూసి, పక్కనున్నవాళ్ళతో అంది. "చూశారా. తొడుగు లేకుండానే ఇంత కచ్చితంగా వస్తోంది. అంటే కొన్నాళ్ళకు తొడుగుల ఖర్చు కూడా ఉండదు."

తరువాత నా వైపు తిరిగింది. "పేరుదేముంది పెద్దాయనా, బట్ట మీద పేరు ఎవరూ రాయరు గదా. మీరు కోరుకున్నట్టే విద్య నిలబడింది. పన్నెండు మిట్టల బడులకూ ఈ చేతినే పంపిస్తాం."

పత్తి మాకే ఇచ్చారు. పిల్లలు ఎడమచేతులతో చప్పట్లు మొదలుపెట్టి, ఎందుకో మధ్యలో ఆపేశారు.

చూపు తరువాత 2వ రోజు

ఎండ యాభై రెండు. నీళ్ళు ఆరు. మగ్గాలు లెక్కపెట్టలేదు.

ఇవాళ భూదేవమ్మ యేడాది. నియమం ప్రకారం, పోయిన మనిషి చేతిని వాడుకోవాలంటే ఏటేటా దగ్గరివాళ్ళు వేలిముద్ర వేయాలి. వేయకపోతే యంత్రంలోకి ఎక్కించిన మూలం చెరిపేయాలి, తొడుగులు వట్టి గుడ్డ అవుతాయి. ఆమెకున్న దగ్గరివాణ్ణి నేనొక్కణ్ణే.

హేమనళిని మేడం కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన సిరా పెట్టింది. ఆ పక్కన, నేను అడగకుండానే, ఒక జత తొడుగులు పెట్టింది.

"మీరు ఒక్కసారి కూడా వేసుకోలేదు," అంది మెల్లగా. "నిర్ణయం తీసుకునే ముందు వేసుకుని చూడండి. నేను బయట ఉంటాను."

ఆమె మోసం చేస్తున్నదని నేను అనను. తన తల్లి చేయి దొరికితే తానూ అలాగే తొడుక్కునేదేమో.

ఎడమచేతికి తొడిగాను. కాసేపు ఏమీ లేదు. తరువాత నా వేళ్ళు, ముసలివై వంకరపోయిన ఈ వేళ్ళు, సాఫీగా తెరుచుకున్నాయి. చూపుడువేలు కొంచెం పక్కకు వంగింది. అది ఆమె వంపే. అరచేతిలో ఆమె వెచ్చదనం కూడా ఉన్నట్టు అనిపించింది. మెల్లగా ఆ చేతిని నా కుడిచేతి మీద పెట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. "భూదవ్వా," అని పిలిచాను. నలభై రెండేళ్ళ కాపురంలో నేను చేయి పట్టుకుంటే ఆమె ముందు ఒకసారి విదిలించుకుని, తరువాత ఊరుకునేది. విదిలింపు కోసం ఎదురుచూశాను.

చేయి కదిలింది. నా బొటనవేలిని పట్టుకుంది. పట్టుకుని, కొలతగా ఒకసారి తడిమి, లేని పట్టీని మూడు చుట్లు చుట్టి బిగించింది. తెంపింది. తరువాత చూపుడువేలికి వచ్చింది. చుట్టింది, బిగించింది, తెంపింది. వేలు వేలుకూ అదే. నొప్పి పుడుతోంది. కుడిచేయి వెనక్కు లాక్కుంటే అది గాలిలో ఇంకో వేలి కోసం వెతికింది.

దానికి నేనెవరో తెలియదు. నేను పోగుల కట్టను. శాంభవీ పోగుల కట్టే. ఆమె చేతులు ఇచ్చిన రోజున నా కోసం ఇచ్చింది. ఆ సంగతి ఈ చేతిలోకి ఎక్కలేదు. ఎక్కించే యంత్రం లేదు.

తొడుగు ఊడదీసేసరికి గోళ్ళ దగ్గర నెత్తురు వచ్చింది. తలుపు తీసి మేడంను పిలిచాను.

"ముద్ర వెయ్యను."

"పత్తి వెనక్కు తీసుకుంటారు బుచ్చిలింగంగారూ."

"తీస్కోనియ్యి."

"ఆమె ఇక ఎక్కడా ఉండదు."

"ఇంతకు ముందు కూడ లేదు, మేడం."

మేడం కాగితం మీద, ముద్ర ఉండవలసిన చోట, "నిరాకరించారు" అని తన చేత్తో రాసింది. రాస్తున్నప్పుడు ఒక్కో అక్షరం జాగ్రత్తగా చూసుకుంది. చూపుకు ముందు ఆమె కూడా రహస్యంగా తొడుగులు వాడి చూసిందేమో నాకు తెలియదు. నేను అడగలేదు.

చూపు తరువాత 20వ రోజు

ఎండ యాభై మూడు. నీళ్ళు నాలుగు. ఆడిన మగ్గాలు సున్న.

పత్తి తొట్లకు పోయింది. ఇరవై తొమ్మిది మంది పిల్లలు పోతబట్ట పనికి వెళ్ళిపోయారు. పదకొండు మంది ఉన్నారు. నిన్న రాజమల్లు పలక నిండా తన పేరు రాసి తెచ్చాడు, ఒత్తులు లేకుండా.

"తప్పులున్నయి," అన్నాను.

"నావే గదా పెద్దయ్యా, ఉండనియ్యి."

శాంభవికి మాత్రం తన చేయి తిరిగి రాలేదు. నిద్రలో చేతులు ఇంకా లేస్తాయి. ఏడో మిట్ట నుంచి వాళ్ళమ్మ కావడివాళ్ళతో కబురు పంపింది. ఉత్తరం రాలేదేమని, పిల్ల బతికి ఉందా అని. జవాబు నేను రాశాను. పిల్ల చెబుతుంటే రాశాను. చివర "నీ బిడ్డ" అన్న చోట ఆగి, పెన్సిలు ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఆ చేయి దాన్ని పట్టుకుంది. పట్టుకుని మూడు చుక్కలు పెట్టింది. కాగితం అలాగే పంపించాం.

చూపు తరువాత 33వ రోజు

ఎండ యాభై ఒకటి. నీళ్ళు ఐదు. మగ్గం ఒకటి.

పాత నూలు కొంత సామాన్ల గదిలో దొరికింది, ఒక పడుగుకు సరిపోతుంది. మగ్గం గుంట దగ్గర శాంభవిని ఒక వైపు కూర్చోబెట్టి, ఎదురుగా నేను కూర్చున్నాను. నాకు అతకడం బాగా రాదు. నలభై రెండేళ్ళు భూదేవమ్మకు ఎదురుగా కూర్చుని పోగు అందించినవాణ్ణి, అంతే. ఆ వైపు నుంచి ఆ విద్య ఎలా కనిపిస్తుందో మాత్రం నాకంటే ఎరిగినవాడు లేడు.

పోగు ఏరి అందించాను. ఆ పిల్ల ఎడమచేయి గబుక్కున వచ్చి లాక్కుని, మెలిపెట్టి, వదిలింది. చూడకుండానే. తిరుగులేని అతుకు. ఇంకో పోగు. అదే అతుకు. నూట పది పోగులు అలాగే నడిచాయి. శాంభవి కళ్ళు మూసుకునే ఉంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"కండ్లు తెరువు బిడ్డా."

"తెరిస్తే చెయ్యి ఆగుతది."

"ఆగనియ్యి."

"ఆగితే ఏముంటది నాకు?"

"నాకెర్క లేదు. ఏముంటదో చూద్దాం. నేనీడనే ఉంట."

కళ్ళు తెరిచింది. చేయి ఆగింది. పోగు పట్టుకుని నేను ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గోడ మీద ఎండ రెండు జానలు జరిగింది. చేయి దాటించి ఆ పిల్ల వేళ్ళను పట్టి, పోగు మీద పెట్టి, ఇలాగ అని చూపించాలని నా ప్రాణం కొట్టుకుంది. చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వాక్యం చెప్పలేదు. అలా ఊరుకోవడం కూడా బోధనే అని నాకు ఈ వయసులో తెలిసింది.

చివరకు ఆ పిల్ల కుడిచేయి లేచింది. పోగును రెండుసార్లు జారవిడిచింది. బూడిద ఎక్కువ అద్దింది. పాత కొసనూ కొత్త కొసనూ పక్కపక్కన పెట్టి, ముఖం చిట్లించి, తిప్పవలసిన వైపు కాక ఎదురు వైపు మెలిపెట్టింది. వదిలిపెట్టింది.

లాగి చూశాను. అతుకు ఊడిపోయింది.

భూదేవమ్మ అతుకు నా ఎరుకలో ఎన్నడూ ఊడలేదు. ఊడిన పోగు కొస నా వేళ్ళ మధ్య వేలాడుతుంటే, ఆమె పోయిన రోజున ఏడవనివాణ్ణి, ఇవాళ ఏడ్చాను.

"చెడగొట్టిననా పెద్దయ్యా?" అంది శాంభవి, తన చేతి వంక చూసుకుంటూ.

"చెడగొట్టినవ్," అన్నాను. "మళ్ళ చెడగొట్టు." ఇంకో పోగు ఏరి అందించాను.